సెకను తప్పని గడియారం

మొన్న చిన్నమ్మ కర్మలకు రాయచూరు వెళ్ళాను. అన్నీ అయిపోయి చుట్టాలు ఎవరి బస్సులు వాళ్ళు ఎక్కాక, చిన్నాయన రేడియో గది సర్దే పని నా నెత్తిన పడింది. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. ఎనభై దాటాయి, చెవులు పూర్తిగా పోయాయి, ఇక మీదట కొడుకు దగ్గరే ఉంటాడు. ఆ గదిని ఒక టైలరుకు అద్దెకిస్తున్నారు. “గా సామాన్ల సంగతి మాకేం తెల్సక్కా, నువ్వే చూడు” అన్నాడు చిన్నాయన కొడుకు. నిజమే, ఆ గదిలో ఏ తీగ ఎక్కడికి పోతుందో చిన్నాయన తర్వాత తెలిసింది నాకే. నా ఇరవై ఏళ్ళప్పటి వయసంతా ఆ గదిలోనే కరిగిపోయింది. రాగి తీగ మీద సీసం కరిగే వాసన, బల్ల కింద లారీ బ్యాటరీ పులిసిన వాసన, కిటికీలోంచి వచ్చే జొన్న రొట్టెల వాసన, ఈ మూడూ కలిస్తే నాకు ఇప్పటికీ యవ్వనం. సగం రోజు బాగానే గడిచింది. సాయంత్రం ట్రంకుపెట్టె ఖాళీ చేస్తుంటే, అడుగున పరిచిన పాత పేపరు కింద ఒకే ఒక్క కార్డు దొరికింది. దాని మీద వేసిన టైము చూసి సర్దడం అక్కడితో ఆపేశాను.

కార్డు అంటే ఏమిటో చెప్పాలి. సర్కారు లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే సొంతంగా వైర్‌లెస్ పెట్టుకుని, ఎక్కడెక్కడి ఊళ్ళలోనో తమలాంటి పిచ్చే ఉన్నవాళ్ళతో మాట్లాడేవాళ్ళను హ్యాములంటారు. చిన్నాయన హ్యాము. దేవసూగూరు దగ్గరి కరెంటు ప్లాంటులో ఉద్యోగం, ఇంటికొస్తే ఈ పిచ్చి. ఒకరితో ఒకరు మాట్లాడగానే ఎవరి పుస్తకంలో వాళ్ళు రాసుకోవాలి, ఏ రోజు, ఏ నిమిషం, ఎంత బాగా వినపడింది అని. దాన్నే లాగ్ అంటారు. తర్వాత ఆ వివరమంతా ఒక కార్డు మీద రాసి పోస్టులో పంపుకుంటారు. కార్డు మీది నిమిషం, లాగ్‌లోని నిమిషం కలవకపోతే ఆ మాట్లాడింది మాట్లాడినట్టు కాదు. కనుక హ్యాముకు అన్నిటికన్నా ముందు కావలసింది మంచి గడియారం. అదీ మన టైము చూపించేది కాదు, అందరికీ ఒకటే ఉండాలని గ్రీన్‌విచ్ టైము చూపించేది. మనకు పొద్దున ఏడూ పది అయితే ఆ గదిలో ఒకటీ నలభై. అయిదున్నర కలుపుకుని చదవడం నాకు తప్ప ఇంట్లో ఎవరికీ పట్టుబడలేదు. మా నాయన ఆ గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా ఆ గడియారం వైపు చూసి, “మీ తెల్లోళ్ళకింక తెల్లారలేదా?” అని నవ్వేవాడు.

ఆ గడియారం చిన్నాయన చేతి పని. కోఠీ బజారు నుంచి సామాను తెచ్చి, ఆరు నెలలు కూర్చుని చేశాడు. ఢిల్లీ నుంచి షార్ట్‌వేవ్ మీద రాత్రింబగళ్ళు టైము సిగ్నల్ వచ్చేది, సెకనుకొక టిక్కు, నిమిషం మొదట్లో కొంచెం పొడుగు కూత. మా రేడియో ఆ కూత వినగానే గడియారం లోపల రిలే అనే చిన్న స్విచ్చి ‘టక్’మని సెకన్ల ముల్లును సున్నా మీదకు లాగేది. దేశంలో అంత కచ్చితమైన గడియారం పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూడా లేదని చిన్నాయన గర్వం. ఒక్క సంగతి మాత్రం ఉంది. ఆ కూత సరిదిద్దేది సెకన్లనే. ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు అన్నది వెనక ఉన్న చిన్న మీటతో మనం పెట్టాల్సిందే. పావుగంటకొకసారి ఢిల్లీవాళ్ళు గంటా నిమిషమూ మోర్స్‌లో, అంటే పొట్టి పొడుగు కూతల భాషలో, చెప్పేవాళ్ళు కానీ, గడియారం చేసుకున్నాక దాన్ని ఎవరు కూర్చుని వింటారు? ఆ వేళకు నేను వంటింట్లో రొట్టెలు తడుతూ ఉండేదాన్ని.

హాల్లో ఇంకో గడియారం ఉండేది, కరెంటుతో నడిచేది. అది కరెంటు ఎట్లా నడిపిస్తే అట్లా నడిచేది. ఆ రోజుల్లో దేశమంతా కరెంటుకు కొరత, సెకనుకు యాభై సార్లు ఊగాల్సిన కరెంటు ఊగలేక ఊగేది. దాంతో మా గోడ గడియారం రోజుకు పావుగంట వెనకబడేది. రోజూ పొద్దున మొగం కడుక్కుని, రేడియో గదిలో టైము చూసి, అయిదున్నర కలిపి, స్టూలెక్కి గోడ గడియారం ముందుకు తిప్పడం నా పని. మా అవ్వకు బాగా చెవుడు, గంట కొట్టినా వినపడేది కాదు. నేను స్టూలెక్కితే చాలు, చాయ్ గిన్నె తీసుకుని వచ్చి కూర్చునేది. అవ్వతో మాట్లాడాలంటే వీధి చివరిదాకా వినపడేలా అరవాలి. ఒకటి అడిగితే ఒకటి చెప్పేది. మేమందరం నవ్వేవాళ్ళం, చుట్టాలు మరీ నవ్వేవాళ్ళు. చిన్నాయన ఒక్కడే నవ్వేవాడు కాదు. తల్లంటే ఎంత ప్రేమ అనుకునేదాన్ని.

మోర్స్ నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. డిగ్రీ అయిపోయి సంబంధాలు చూస్తున్న రోజులు, ఇంట్లో రొట్టెలు కొట్టడం తప్ప పని లేదు. గోడ అవతల నుంచి ఆ కూతలు వినీ వినీ, ఒక రోజు రొట్టె తడుతూ తడుతూ చిన్నాయన అందుకుంటున్న వాక్యం నేనూ పైకి చదివేశాను. ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. “ఏందీ, మళ్ళ చెప్పు” అన్నాడు. చెప్పాను. “రొట్టె తట్టే చేతికి కీ కొట్టుడొక లెక్కనా, రా బిడ్డా” అని, మోర్స్ కొట్టే ఆ కీ నా వైపు జరిపి, పక్కన ఇంకో కుర్చీ వేశాడు. ఆ కుర్చీ మీద రెండేళ్ళు కూర్చున్నాను. లైసెన్సు ఆయనది, ఆయన పక్కన ఉండగా ఆయన పేరు మీద నేను కొట్టవచ్చు. సిగ్నల్ బలహీనంగా ఉంటే, “నువ్విను బిడ్డా, నేను రాస్త” అనేవాడు. పోను పోను బలంగా ఉన్నా అదే మాట. హెడ్‌ఫోన్ నా చెవులకు, పెన్సిలు ఆయన చేతికి. ఇంత పెద్దమనిషి ఆడపిల్లను ఇంత నమ్ముతున్నాడు కదా అని నేను పొంగిపోయేదాన్ని. ‘మీ చెవి అమోఘం’ అని ఎక్కడెక్కడి నుంచో ఆయన పేరుకు కార్డులు వచ్చేవి. ఆయన అవి చదివి పెట్టెలో పెట్టేవాడు.

సుశీలక్క పరిచయమైంది ఆ కుర్చీలోనే. గుంటూరులో కాలేజీ లెక్చరరు, హ్యాము. ఆడవాళ్ళు హ్యాములుగా ఉండడమే అరుదు, తెలుగావిడ అంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆమె గొంతు నేనెప్పుడూ వినలేదు, ఆమె చెయ్యి విన్నాను. మోర్స్ కొట్టే తీరు ఎవరిది వాళ్ళదే, నడక లాగా. అక్కది తొందర లేని చెయ్యి. వారానికొకసారి పలకరించుకునేవాళ్ళం, మధ్యలో ఉత్తరాలు. ఆమె ఒక ఉత్తరంలో రాసింది: “అమ్మాయ్, హైదరాబాదులో వైర్‌లెస్ ఆపరేటర్ల శిక్షణ పెడుతున్నారు. ఆడపిల్లలకీ సీట్లున్నాయి, హాస్టలుంది, పూర్తయితే ఉద్యోగం ఖాయం. నీలాంటి చెవి వాళ్ళకి దొరకదు. దరఖాస్తుకి లైసెన్సున్న ఆపరేటరు ఒకరు స్పీడు పరీక్షించి సంతకం చెయ్యాలి, చుట్టాలు పనికిరారు. నేను చేస్తాను. సోమ, మంగళ, బుధ, పొద్దున్న సరిగ్గా ఏడూ పదికి పిలుస్తా. ఏడుంబావుకి నా కాలేజీ బస్సు. ఆ అయిదు నిమిషాల్లో నువ్వందుకుంటే చాలు. గురువారం కాగితాలు పోస్టులో వేసేస్తా, ఆ పైన గడువు లేదు.”

ఆ ఉత్తరం పట్టుకుని ఇల్లంతా తిరిగాను. నాయన ఒప్పుకుంటాడా అని భయం. ఆయన్ను ఒప్పించింది చిన్నాయనే. “పోనీ అన్నా, పిల్లకు నసీబుంది, ఎందుకు ఆపాలె” అన్నాడు నా ముందే. ఆ మాటకు ఆయన కాళ్ళు మొక్కాను. తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

మా స్టేషన్‌లో ఒక నియమం ఉంది. ఉన్నది ఒకటే రిసీవరు. అది ఢిల్లీ మీద ఉంటేనే గడియారం సరిపడుతుంది. కనుక ఎవరితోనైనా టైము చెప్పుకుంటే, ఆఖరి రెండు నిమిషాల వరకు దాన్ని ఢిల్లీ మీది నుంచి కదపకూడదు. “ముందుగాల ముట్టితె టైము పోతది, టైము పోతె మనిషి పోతడు” అనేవాడు చిన్నాయన. ఆ సోమవారం నేను తల స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, ఆ గడియారం ముందు కూర్చున్నాను. ఆఖరి నిమిషం టిక్కులు వింటూ సెకన్లు చూశాను. కూతా ముల్లూ వెంట్రుకవాసి తేడా లేదు. ఏడూ ఎనిమిది కాగానే రిసీవరును ఢిల్లీ మీది నుంచి అక్క పిలిచే చోటుకు తిప్పాను. ఏడూ పదికి చెవులు రిక్కించాను. బ్యాండు మీద ఎవరెవరో ఉన్నారు, అక్క లేదు. నేనే పిలిచాను. అయిదు నిమిషాలు పిలిచాను. జవాబు లేదు. చిన్నాయన నా భుజం తట్టి, “ఫికర్ జెయ్యకు, రేపుంది గద” అన్నాడు. మంగళవారం కూడా అంతే. నేను ఏడుస్తుంటే ఆయన, “ఊకె కూచోకు, ఇంకెవర్నన్న పల్కరియ్యి, చెయ్యి చల్లబడొద్దు” అని ఓదార్చాడు. భోపాల్‌లో ఒక పెద్దాయన దొరికాడు. రెండు ముక్కలు మాట్లాడి లాగ్‌లో నా చేత్తోనే రాశాను, ఒకటీ యాభై రెండు. బుధవారం అయిదు నిమిషాలూ పిలిచి, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. శిక్షణ అక్కడితో అయిపోయింది.

ఆ నాలుగు రోజులూ ఇంట్లో కొన్ని వింతలు జరిగాయి. జరుగుతున్నప్పుడు అవి వింతలని నాకు తోచలేదు. సోమవారం పొద్దున స్టూలెక్కితే, పావుగంట వెనకబడాల్సిన గోడ గడియారం ఆరు నిమిషాలే వెనక ఉంది. చిన్నాయననడిగితే, “ప్లాంటుల కొత్త యూనిట్ ఎక్కించిన్రు బిడ్డా, కరెంటు మంచిగైంది” అన్నాడు. మర్నాడు మళ్ళీ పావుగంట. “గా యూనిట్ ట్రిప్పయిందంట.” గురువారం ఏకంగా ఇరవై నాలుగు నిమిషాలు. “లోడెక్కువుంది, అంతట గిట్లనే ఉన్నది.” ప్లాంటులో పనిచేసే మనిషి కరెంటు గురించి చెబితే నమ్మకపోవడానికి నేనెవర్ని? హాల్లో వార్తలు వినే ట్రాన్సిస్టరును చిన్నాయన ఆ ఆదివారమే బాగుచేస్తానని విప్పి పెట్టాడు. నాయన దుకాణం తెరిచేసరికి పక్క దుకాణం సేటు మూడు రోజులూ ముందే తెరిచి కూర్చున్నాడట. “వీడెప్పుడు లేస్తున్నడ్రా!” అని నాయన ఆశ్చర్యపోయాడు. చిన్నాయనకు ఆ వారం మధ్యాహ్నం డ్యూటీ. “బస్సుకింక టైమున్నది గద” అని చిన్నమ్మ అంటున్నా, మూడు రోజులూ తొందరగా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి మాటేమో గానీ, నేను పట్టుకోవాల్సింది. అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. నేను సెకన్లు చూసుకుంటూ కూర్చున్నాను.

అక్క నుంచి ఉత్తరం వచ్చింది. “మూడు రోజులూ పిలిచానమ్మాయ్, నువ్వు పలకలేదు. ఒంట్లో బాగాలేదా?” అని. దానికి నేను రాసిన జవాబు ఇన్నేళ్ళయినా అక్షరం మరిచిపోలేదు. “మా గడియారం ఢిల్లీ సిగ్నల్‌తో నడుస్తుంది, సెకను తప్పదు. నేను టైముకే ఉన్నాను. మీ గడియారం ఒకసారి చూసుకోండి. ఇష్టం లేకపోతే ముందే చెప్పాల్సింది, ఆడపిల్లకు ఆశ పెట్టి ఆడుకోకూడదు.” అమ్మ వయసున్న మనిషికి రాయదగ్గ మాటలా అవి? ఆమె మళ్ళీ రాయలేదు, గాలి మీద మళ్ళీ వినపడలేదు. ఆ ఏడే నాకు మహబూబ్‌నగర్ సంబంధం కుదిరింది. స్కూల్లో లెక్కలు చెప్పాను, పిల్లల్ని పెంచాను, కథలు రాశాను. ఎక్కడ మాట తప్పే మనిషి తగిలినా మనసులో సుశీలక్క అనుకునేదాన్ని. నా కథల్లో తియ్యగా మాట్లాడి మోసం చేసే లెక్చరరమ్మలు ముగ్గురున్నారు. ముగ్గురికీ ఆమె చెయ్యి లాంటి తొందర లేని నడకే పెట్టాను.

ఇక ట్రంకుపెట్టెలో దొరికిన కార్డు. భోపాల్ పెద్దాయన పంపింది. రోజు అదే, మంగళవారం. మాటలు అవే. టైము మాత్రం రెండు గంటల ఒక నిమిషం. నా లాగ్‌లో ఒకటీ యాభై రెండు. పక్క అలమరలోంచి ఆ లాగ్ పుస్తకం తీసి పక్కపక్కన పెట్టి చూశాను. తొమ్మిది నిమిషాలు. అక్క ఏడూ పదికి పిలిచి ఏడుంబావుకి బస్సెక్కింది. గడియారం వెనక మీటను ఎవరో తొమ్మిది నిమిషాలు వెనక్కి తిప్పారు, నేను రిసీవరు తిప్పింది అసలు టైముకు ఏడూ పదిహేడుకు. గోడ గడియారంలో పదిహేనులో తొమ్మిది పోగా మిగిలిన ఆరు, గురువారం తొమ్మిది కలిసిన ఇరవై నాలుగు, ట్రాన్సిస్టరు, పక్క దుకాణం సేటు, చిన్నాయన చెప్పులు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి నా ముందు నిలబడ్డాయి. హ్యాములకు కార్డు పారేయడం మహా పాపం. దొంగతనం చేసిన మనిషి కూడా ఆ పాపానికి వెనకాడి, పేపరు కింద దాచిపెట్టాడు.

చిన్నాయన వరండాలో కూర్చుని ఒగ్గాణి, అదే బొరుగుల ఉప్మా, తింటున్నాడు. కార్డూ లాగూ ఆయన ఒళ్ళో పెట్టాను. అద్దాలు సవరించుకుని ముందు కార్డు మీది టైము చూశాడు, తర్వాత లాగ్‌లోది చూశాడు. పాత అలవాటు, లెక్క కళ్ళతోనే అయిపోయింది.

“తొమ్మిది” అన్నాడు. “తక్కువ బెడ్తె గా సుశీలమ్మ దొరుకుతుండె. ఎక్కువ బెడ్తె మీ నాయిన పట్టుకుంటుండె.”

లెక్క సరిగ్గా వేసినందుకు మెచ్చుకోమన్నట్టే ఉంది ఆ గొంతు. పెన్ను తీసుకుని క్యాలెండరు కాగితం వెనక పెద్ద అక్షరాలతో ‘ఎందుకు’ అని రాసి చూపించాను.

“అవ్వను చూసినవు గద” అన్నాడు. “అందరు ఎట్ల నవ్వుతుండ్రి. నాక్కూడ గదే మొదలైంది, నీకు కుర్చేసిన దినంనుంచే. ఎవరికి చెప్పలె. మీ చిన్నమ్మకు సుత చెప్పలె. నువ్వు పక్కనుంటె నా స్టేషను బతికుండె. నువ్వు పోతె నాకెవరు ఇంటరు?”

రెండేళ్ళు నేను ఆయనకు శిష్యురాలిననుకున్నాను. ఆయనకు నేను చెవిని. అంతకంటే ఏమీ కాను. మనిషి చెవిని హైదరాబాదు పంపిస్తాడా? అయినా పెళ్ళి చేసి మహబూబ్‌నగర్ పంపించారు కదా, అప్పుడు ఆ స్టేషను ఏమైంది? మూగబోయింది. ఆయనకు దక్కింది నాలుగైదు నెలలు. ఆ నాలుగైదు నెలల కోసం. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెత మా అవ్వ ఊరికే అనేది కాదు.

వెళ్ళిపోదామని లేచాను. కానీ అడగాల్సింది ఇంకొకటి మిగిలింది. మళ్ళీ కాగితం తీసుకుని రాశాను: ‘నేను అక్కకు రాసిన ఉత్తరం?’

“డబ్బల ఏసింది నేనే గద” అన్నాడు.

‘చదివావా?’

ఆయన నా రాత వైపు చూసి, ఒగ్గాణి గిన్నె వైపు చూసి, “సదివే అంటించిన” అన్నాడు.

తొమ్మిది నిమిషాలను నేను ఎప్పటికైనా క్షమిస్తానేమో. భయపడ్డ మనిషి ఏమైనా చేస్తాడు. కానీ ఏ పాపమూ ఎరుగని ఆమె మీద నేను రాసిన ఆ మాటలు చదివి, గోరుతో కవరు అంచు ఒత్తి, నడుచుకుంటూ వెళ్ళి పోస్టు డబ్బాలో వేసి, ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని నేను చేసిన రొట్టె తిన్నాడే, ఆ మనిషిని క్షమించడం నా వల్ల కాదు. ఆయన ముసలివాడైతే నాకేం? నేనూ ముసలిదాన్నయ్యాను. ఆ సాయంత్రమే బస్సెక్కాను. వస్తుంటే, “మళ్ళెప్పుడొస్తవు బిడ్డా?” అన్నాడు. ఆయనకు నా జవాబు వినపడదు కనుక నేను చెప్పలేదు.

ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా ఫోనే. బస్సులో నా పక్కన కూర్చున్న మట్మారి అనే ఊరి రైతు ఫోనులోనూ, నా ఫోనులోనూ నిమిషం ఒకేసారి మారుతోంది. ఎవరూ తిప్పలేరు, ఎవరూ తిప్పాల్సిన పనీ లేదు. మా ఇంట్లో అట్లా కాదు. ఇల్లంతటికీ టైము ఒక మనిషి చేతిలో ఉండేది. ఆ మనిషి చెబితే పొద్దు పొడిచేది, దుకాణం తెరిచేది, రొట్టె పెనం మీద పడేది. ఆ రోజులే మేలని ఎన్ని వ్యాసాల్లో రాశానో. ఇంట్లో అందరూ ఒకే గడియారం చూసుకుని బతికేవాళ్ళమని, ఇప్పుడు ఎవరి టైము వాళ్ళదైందని. ఆ వ్యాసాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరి టైము వాళ్ళ దగ్గర ఉండడమే మంచిది.

గుంటూరు హ్యాముల్లో ఒకాయన్ను పట్టుకుని సుశీలక్క నంబరు సంపాదించడానికి పది రోజులు పట్టింది. ఉందో లేదో అనుకుంటూనే చేశాను. ఉంది. తొందర లేని గొంతు, చెయ్యి లాగే. ఆ గొంతు వినడం అదే మొదటిసారి. నా పేరూ, రాయచూరూ చెప్పాను. గుర్తు తెచ్చుకోవడానికి ఆమెకు క్షణం కూడా పట్టలేదు.

“నువ్వా అమ్మాయ్! నీ ఉత్తరం అందాక మా గడియారం విప్పించానమ్మా. ఏ లోపమూ లేదన్నాడు బాగుచేసేవాడు. అయినా నా మనసు ఒప్పలేదు. రాయచూరు పిల్ల సెకను తప్పదు, తప్పు నాదే అయ్యుంటుందనుకున్నా. ఒక పిల్ల బతుకు పాడు చేశానే అని ఆ తరవాతింక ఎవరికీ టైం చెప్పలేదు. రెండేళ్ళకి సెట్టు కూడా ఎవరికో ఇచ్చేశా.”

“మా గడియారమే తప్పక్కా” అన్నాను. “మీది కాదు. మాదే. తొమ్మిది నిమిషాలు వెనక పెట్టారు, మా ఇంట్లోనే.”

లైను పోయిందేమోనని, “అక్కా” అని పిలిచాను.

“ఉన్నానమ్మా” అంది. “ఇప్పుడా చెప్పడం?” అంది.